సముద్రపు పిలగాడు పాకాలకొచ్చిన ఎండాకాలం

ఏటా ఏప్రిల్ 15 దగ్గర పడుతుంటే నాకు కాకినాడ దగ్గరి ఉప్పాడ యాదికొస్తుంది. ఆ రోజు నుంచి తూర్పు తీరంలో ఇంజన్ బోట్లకు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారే ఆపిస్తుంది. ఇప్పుడు జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు. 2007లో మే 31 దాకే ఉండేది. నర్సంపేట దిక్కు పుట్టినవాడికి సముద్రం మీద వేటతో పనేమిటంటారేమో. ఆ బంద్ వల్లనే నా దోస్తు మా ఇంటికి రాగలిగాడు. వేట నడిచే రోజుల్లో వాడికి ఊరు దాటే తీరిక ఎక్కడిది?

నేను డిప్లొమా కాకినాడలో చదివాను. సీట్లలో 85 శాతం అక్కడి స్థానికులకు పోగా మిగిలిన 15 శాతంలో నాకొకటి దొరికింది. బాపు నన్ను హాస్టల్లో దింపి, నా ట్రంకుపెట్టె మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లనే నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళి రైలెక్కాడు. మొదటి రెండు నెలలు నేను నోరు తెరిస్తే చాలు, చుట్టూ నవ్వులే. 'గిట్ల', 'ఏడికి', 'గంతే' అన్న మాటలను వాళ్ళు నా ముందే తిప్పి తిప్పి అనేవాళ్ళు. నేను మాట్లాడటమే తగ్గించాను.

అప్పుడు నా పక్కకొచ్చి కూర్చున్నవాడు వీడు. ఉప్పాడ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. "మీకు సముద్రం లేదు కదా, మరి చేపలెక్కడివిరా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "చెరువున్నది" అన్నాను. "చెరువులో చేపలేంటి, రొయ్యలు కదా ఏస్తారు" అన్నాడు. వాళ్ళ దిక్కు చెరువంటే నాలుగు పక్కలా గట్టు పోసి, మోటార్లు పెట్టి రొయ్యలు పెంచే మడి. నేనేమో మా నర్సంపేట దగ్గర అడవి నడుమ ఉండే పాకాల చెరువు గురించి చెబుతున్నాను. ఇద్దరం ఒకే మాట అంటున్నాం, ఇద్దరి కళ్ళ ముందూ వేరే వేరే నీళ్ళు. ఎంత చెప్పినా వాడికి ఎక్కలేదు. "సరే, చూపిస్త రా ఎప్పుడన్న" అని అప్పుడే మాటిచ్చాను.

వాడు మాత్రం తన నీళ్ళను ముందే చూపించాడు. రెండో ఏడాది చలికాలంలో ఒక ఆదివారం, వాళ్ళ నాన్న బోటులో నన్ను కూర్చోబెట్టుకుని హోప్ ఐలాండ్ వైపు తీసుకెళ్ళారు. కాకినాడకు అడ్డంగా సముద్రంలో పడుకున్నట్టుండే ఇసుక దిబ్బ అది. గోదావరి తెచ్చిన ఒండ్రుతో, ఇసుకతో రెండు వందల ఏళ్ళుగా పెరుగుతూ పదహారు కిలోమీటర్ల పొడుగైంది. నేను దాన్ని సరిగ్గా చూసిందే లేదు. బోటు లేచి పడుతుంటే కడుపులో తిప్పి, అంచు పట్టుకుని కక్కుతూనే ఉన్నాను. వాళ్ళ నాన్న నా వీపు మీద చెయ్యేసి, "నీళ్ళకేసి చూడకు బాబూ. దూరంగా ఒడ్డుకేసి చూడు, సర్దుకుంటది" అన్నారు. ఒడ్డుకేసి చూశాను. నిజంగానే సర్దుకుంది.

తిరిగొచ్చేటప్పుడు, ఊరు దగ్గర పడుతుండగా, మావాడు చెయ్యి చాపి చూపించాడు. "అదిగో, మా తాత కట్టిన ఇల్లు అక్కడే." నేను ఒడ్డున ఉన్న ఇళ్ళలో వెతికాను. తాటాకు ఇల్లా, పెంకుటిల్లా అని అడిగాను. వాడు నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పాడు. వాడు చూపిస్తున్నది ఒడ్డు కాదు, నీళ్ళు. బోటుకీ ఇసుకకీ నడుమ అలలు విరుగుతున్న చోటు. ఉప్పాడను సముద్రం కోస్తూ వస్తున్న సంగతి ఆ వైపు అందరికీ తెలిసిందే. నాకు మాత్రం అది ఆ వేలు చివర కనిపించింది. "మా నాన్న కట్టింది కూడా ఎంతో కాలం ఉండదులే" అన్నాడు, బస్సు లేటవుతుందేమో అన్నట్టు.

2007 మేలో గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి వరంగల్ స్టేషన్ బయటికొచ్చేసరికి వాడి చేతిలో ఒక సంచి, భుజాన ఒక సంచి. చేతిలోది కాకినాడ కాజాలు. భుజానిది ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు. స్టేషన్ ఎదురుగానే బస్టాండు. నర్సంపేట బస్సులో ఆ సంచి వాసనకు ముందు సీటు పెద్దమనిషి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి "నెత్తళ్ళేనా? ఏడికెల్లి తెచ్చిన్రు?" అని ఇష్టంగా అడిగాడు. గిర్నిబావి దాటేదాకా ఇద్దరూ చేపల ముచ్చటే. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయినట్టుంది. ఆ సగం వాళ్ళకు సరిపోయింది.

మా అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. "మంచిగున్నవా బిడ్డా? ఇంట్ల అందరు మంచిగేనా?" అంటే వాడు, "బావున్నామండి పిన్నిగారు, మీరెలా ఉన్నారండి" అన్నాడు. అన్ని 'అండి'లు తనకెవరూ పెట్టినట్టు లేదు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. మధ్యాహ్నం పచ్చిపులుసు, సర్వపిండి. వాడు సర్వపిండికి మధ్యలో ఆ బెజ్జాలెందుకని అడిగి, నూనె లోపలికి దిగాలని అమ్మ చెబితే, ఇంకోటి వేయించుకుని దగ్గర కూర్చుని చూశాడు. ఎండ 44 దాటి ఉంటుంది. "మీ ఎండకి చెమట కూడా పట్టట్లేదురా, పుట్టకముందే ఆరిపోతంది" అనేవాడు. వాళ్ళది ఉక్కపోత. మాది వడగాలి.

రెండో రోజు పొద్దున్నే బాపు ఎక్సెల్ బండి మీద పాకాలకు బయల్దేరాం. నర్సంపేట నుంచి పన్నెండు కిలోమీటర్లు. అశోక్‌నగర్ దాటాక అడవి మొదలవుతుంది. ఎండాకాలం అడవి చాలామందికి నచ్చదు, నాకు మాత్రం ఇష్టం. ఆకు రాలిపోయి చెట్టు చెట్టు వెనకాల ఇంకో చెట్టు కనిపిస్తుంటుంది, ఎక్కడో ఇప్పపువ్వు వాసన. తెల్లారకముందే లేచి తునికాకు కోసుకొచ్చిన ఆడవాళ్ళు నీడన కూర్చుని కట్టలు కడుతున్నారు. కట్టకు 50 ఆకులు. లెక్క పెట్టినట్టే ఉండరు, వేళ్ళు ఆగిన చోట యాభై అయి ఉంటుంది. మావాడు బండి ఆపమని, ఒక ముసలమ్మ దగ్గర నాలుగు తునికి పండ్లు అడిగి తిన్నాడు. "సపోటాకి చెల్లెల్లా ఉంది" అన్నాడు. ముసలమ్మ పైసలు తీసుకోలేదు.

కట్ట ఎక్కేదాకా నీళ్ళు కనిపించవు. అందుకే వాడిని ముందు నడవమన్నాను. మెట్లు ఎక్కి పైకి పోయినవాడు కదలకుండా నిలబడిపోయాడు. ఎండాకాలం కదా, నీళ్ళు కట్టకు దూరంగా జరిగి, నడుమ నల్లమట్టి నెర్రెలు బారి, పచ్చగడ్డిలో బర్రెలు మేస్తున్నాయి. అయినా అటు గుట్టల దాకా నీళ్ళే. నిండితే 30 చదరపు కిలోమీటర్ల చెరువు. అవతలి ఒడ్డు అడవిలో కలిసిపోయి, ఒడ్డేదో అడవేదో తెలియదు.

"ఒరేయ్, దీన్ని చెరువంటావేంట్రా" అన్నాడు చాలాసేపటికి.

"మరేమనాలె?"

"ఏమో. చెరువని మాత్రం అనకు."

తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. ఎంత లోతు, ఏం చేపలు అని అడుగుతాడనుకున్నాను. వాడు కట్ట వైపు తిరిగి, "దీన్నెవరు కట్టారు?" అన్నాడు. గణపతిదేవ చక్రవర్తి కాలంలో, జగదాల ముమ్మడి అనే మంత్రి కట్టించాడని చెప్పాను. 1213. పాలంపేటలో రామప్ప గుడి శాసనం కూడా ఆ ఏడాదిదే. పాకాల వాగుకు అడ్డంగా, రెండు గుట్టల నడుమ మైలుకు పైగా మట్టి పోసి, నీళ్ళ వైపు రాళ్ళు పేర్చారు. ఈ చెరువు నుంచి పారే నీళ్ళే మున్నేరు అవుతాయి, ఆ మున్నేరు కృష్ణలో కలుస్తుంది. స్కూల్లో చదివిందీ, బాపు నోట విన్నదీ అన్నీ గబగబా చెప్పేశాను.

వాడు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. "దగ్గర దగ్గర ఎనిమిది వందల ఏళ్ళు. ఇక్కడే ఉందా? ఇదే చోట?"

"ఇదే చోట."

ఇంకేమీ అనలేదు. నీళ్ళ వైపు వాలు దిగి, వంగి, ఒక రాయి మీద అరచెయ్యి ఆనించాడు. ఎండకు కాలిన రాయి. చెయ్యి తియ్యలేదు. ఎర్రగా కమిలే అరచెయ్యి, గోళ్ళ కింద ఇంకా పోని బోటు రంగు, మణికట్టు మీద తాడు ఒరిసిన పాత గీత. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ కట్ట మీద నడిచాను, జామకాయలు తిన్నాను, చిన్నప్పుడు జారి మోకాలు పగలగొట్టుకున్నాను. దాన్ని ఒకసారి ముట్టుకుని చూడాలని నాకెప్పుడూ తోచలేదు. మాకు పాకాల అంటే యాసంగికి నీళ్ళొస్తాయా రావా అన్న లెక్క. అది కదలకుండా ఉండటం ఒక సంగతి అని మాకెవరికీ అనిపించదు. ప్రతి తరం ఇల్లు వెనక్కి జరుపుకునే ఊరి నుంచి వచ్చినవాడికి అనిపించింది.

కట్ట చివర చింతచెట్టు కింద ఒక కాక వల బాగు చేసుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. చెరువులో చేపలు పట్టే సంఘంలో మెంబరు. పడవ మీద తీసుకపోతావా కాకా అంటే తల కూడా ఎత్తలేదు. "ఎండల ఏం పడవ బిడ్డా, పోన్రి" అన్నాడు. మావాడు వెళ్ళి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాసేపు ఊరికే చూసి, వల ఇంకో కొస తన ఒళ్ళోకి లాక్కున్నాడు. అక్కడొక పెద్ద చిరుగు. పక్కనే ఉన్న ఇంకో సూది అందుకుని, దారం ఎక్కించి, మొదలుపెట్టాడు.

చిటికెన వేలు మీద కన్ను కొలత పెట్టుకుని, దారం మెలితిప్పి, సూది కింద నుంచి దూర్చి, ముడి బిగించేటప్పుడు బొటనవేలి గోరుతో ఒక్క నొక్కు. మళ్ళీ పక్క కన్ను. కాకినాడలో మూడేళ్ళు వాడి పక్కన డ్రాయింగ్ షీట్లు గీశాను, వాడి చేతులు అంత వేగంగా కదలడం ఎన్నడూ చూడలేదు. కాక తన పని ఆపి చూస్తున్నాడు. చిరుగు మూసుకోగానే వల అందుకుని, కొత్త ముడి ఒకటి రెండు చేతుల నడుమ పట్టి గుంజాడు. జారలేదు. ఇంకోటి గుంజాడు.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"ఉప్పాడండి. కాకినాడ దగ్గర."

"అంటే సముద్రమా?"

"అవునండి బాబాయ్."

కాక లేచి, తువాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. "దా. పోదాం."

నాటు పడవ. ఇంజను లేదు, ఒక తెడ్డు, ఒక పొడుగాటి వెదురు గడ. లోతు తక్కువ ఉన్నచోట కాక గడతో నేలను తన్నుతూ పోనిచ్చాడు. ఇంజను చప్పుడుకు అలవాటు పడిన మావాడు ఆ నిశ్శబ్దానికి తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. గడ నీళ్ళలోంచి లేచినప్పుడు కారే చుక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. నీళ్ళలో మునిగిన మోడులను కాక కళ్ళతో కాదు, గడతోనే కనిపెడుతున్నాడు. ఒక్కోచోట గడ ఆనగానే పడవను పక్కకు తోసేవాడు. "మా దాంట్లో ఇసకే, మోడులుండవు" అన్నాడు మావాడు. "మీ దాంట్ల అడివి లేదు గద" అన్నాడు కాక.

నడి చెరువుకు వచ్చాక వాడు వంగి దోసిలి ముంచాడు. మొహం కడుక్కుంటాడనుకున్నాను. పెదవులకు ఆనించి, ఆగి, తాగేశాడు. మళ్ళీ ముంచి తాగాడు. అప్పుడు నా వైపు చూశాడు. ఇన్ని నీళ్ళ మీద ఉండి దాహం తీర్చుకోవడం వాడి జన్మలో అదే మొదటిసారి. బోటు ఎక్కేముందు క్యాన్లలో మంచినీళ్ళు నింపుకోవడం, అవి అయిపోతాయేమోనని గుటకలు లెక్కపెట్టుకోవడం వాడికి తెలుసు. "తియ్యగా ఉన్నాయిరా" అన్నాడు చిన్నగా. కాకకు అందులో వింత ఏముందో అర్థం కాలేదు, "పాకాల నీళ్ళు గద" అన్నాడు.

కాక చెరువు ముచ్చట్లు చెప్పాడు. నిండితే గేజీ 30 అడుగులు, అప్పుడు మత్తడి దుంకుతుంది. "మత్తడంటే?" అని వాడు. నీళ్ళు ఎక్కువైతే పొర్లిపోయే చోటని చెబితే, "ఓ, అలుగా" అన్నాడు. మా యాసంగి వాళ్ళకు దాళ్వా. మా శాపలు వాళ్ళ చేపలు. కొర్రమట్టను బురదలో చేత్తో ఎలా పట్టాలో కాక చూపిస్తే, పండుగప్ప వలలో పడితే ఎలా గింజుకుంటుందో వాడు చేతులు విదిల్చి చూపించాడు. ఆ గంటన్నరలో వాళ్ళిద్దరికీ నా అవసరం పడలేదు. నేను పడవ నడుమ కూర్చుని వింటూ ఉన్నాను.

మూడు దాటాక పడమట మబ్బు పట్టింది. మా దిక్కు మేలో పగలంతా కాగి, సాయంత్రానికి ఒక్కసారిగా గాలి దుమారం లేస్తుంది. మేము ఒడ్డుకు ఇంకా చాలా దూరంలో ఉన్నాం. గాలి తగలగానే నీళ్ళు నల్లబడ్డాయి. చెరువులో లేచేవి సముద్రపు అలల్లా పొడుగ్గా ఉండవు, కురచగా, ఒకదాని వెంట ఒకటి ఊపిరి తీసుకోనియ్యకుండా కొడతాయి. పడవలోకి నీళ్ళు చిమ్ముతున్నాయి. మావాడు తెడ్డు అందుకుని, "బాబాయ్, అణియం గాలికి పెట్టు, అణియం!" అని అరిచాడు. ఆ మాట కాకకు తెలియదు. తెలియాల్సిన పనీ లేకపోయింది. అప్పటికే గడ ఆనించి పడవ ముందుదిక్కును గాలికి తిప్పుతున్నాడు. వెనక కూర్చున్న వాడు తెడ్డుతో నిలిపాడు, ముందు నిలబడిన కాక గడతో తోశాడు. నేను డబ్బాతో నీళ్ళు తోడి పోశాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నాకు భయమేసింది, దాచుకోను. అప్పుడు వాళ్ళ నాన్న మాట గుర్తొచ్చి, తల ఎత్తి ఒడ్డుకేసి చూశాను. కట్ట. ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీసినట్టు, దుమ్ములో కూడా కనిపిస్తూ.

ఒడ్డు చేరేసరికి వాన చుక్కలు మొదలయ్యాయి. కాక పడవను చెట్టుకు కట్టబోతే వాడు తాడు అందుకుని ఏదో ముడి వేశాడు. కాక దాన్ని విప్పి, మళ్ళీ వేయించుకుని, మూడోసారి తానే వేశాడు. పైసలు ఇవ్వబోతే నా చెయ్యి నెట్టేశాడు. వాడి చేతిలో మాత్రం కిలోన్నర బొచ్చెను పెట్టాడు. "మీ అమ్మకు చెప్పు, పాకాల శాప అని."

ఆ రాత్రి వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నప్పుడు బాపు సప్తసంతానాల గురించి చెప్పాడు. కొడుకు, నిధి, గుడి, తోట, కావ్యం, అగ్రహారం, చెరువు. మనిషి పోయాక కూడా పేరు నిలిపేవి ఈ ఏడు అని పాతకాలం వాళ్ళు అనుకున్నారట. అందుకే కాకతీయుల కింద ఉన్న మంత్రులు, సేనానులు కూడా చెరువులు తవ్వించారు. వాడు వింటూ వింటూ, "మా నాన్న మూడు ఇళ్ళు కట్టాడండి" అన్నాడు. బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, వాడి మంచం పక్కన చెంబుతో మంచినీళ్ళు పెట్టి పడుకున్నాడు.

2014లో మావి రెండు రాష్ట్రాలయ్యాయి. మా ఫోన్లకు అదేమీ అడ్డు కాలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో రాగానే నేను చేస్తాను. "ఊళ్ళోకొచ్చిందా?" అంటాను. "రోడ్డు దాకా వచ్చిందిరా" అనో, "ఈసారి పర్లేదు" అనో అంటాడు. వాడి పెళ్ళికి ముందు కట్టుకున్న ఇల్లు ఊరికి పడమట, సముద్రానికి బాగా దూరంగా. వానాకాలం వాడు చేస్తాడు. పంటెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు అన్నవి తర్వాత. మొదట అడిగేది ఒకటే. "మత్తడి దుంకిందా?" అలుగు అనడు. ఆ ఒక్క మాట మాత్రం మా మాటే వాడతాడు.

వల బాగు చేసిన కాక ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఉన్నాడు, అదే చింతచెట్టు కింద పడవ కడతాడు. ఆ ముడి ఎక్కడ నేర్చినవని పోయినేడు అడిగితే, "మా నాయిన గిట్లనే కట్టేటోడు" అన్నాడు.

ఈసారి వేట బంద్‌లో వాడు కొడుకును తీసుకుని వస్తున్నాడు. పిలగాడికి పదకొండేళ్ళు, పాకాలను ఫోటోలో కూడా చూడనియ్యలేదట వాళ్ళ నాన్న. అమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది, ఆ పిలగాడు కారం తింటడా అని. రైలు మారలేదు, గౌతమే. తెల్లారకముందే స్టేషన్‌కు పోవాలి.